ఎలక్ట్రిక్ గిటార్ వేగసాధన విధానము

ఎలక్ట్రిక్ గిటార్‌పై వేగాన్ని సెకనుకు ఎన్ని స్వరాలు పలికాయన్న లెక్కతో కొలుస్తారు. మెట్రోనోమ్ నిమిషానికి 120 బీట్లు కొడుతుండగా బీటుకు నాలుగు స్వరాల చొప్పున వాయిస్తే సెకనుకు 8 స్వరాలు పడతాయి. 160 దగ్గర పదిన్నర, 200 దగ్గర పదమూడు దాటుతాయి. వినేవాళ్లు నోరు వెళ్లబెట్టడానికి ఆ మాత్రం చాలు. కనుక సాధకుడు మొట్టమొదటే 320ని లక్ష్యంగా పెట్టుకోవాలి. అంత ఆశ ఎందుకంటే, రష్యన్ స్వరకర్త రిమ్‌స్కీ-కోర్సకోవ్ ఒపెరా ఒకటి 1900లో తొలిసారి ప్రదర్శనకు వచ్చింది. అందులో రాకుమారుడు తుమ్మెదగా మారి ఎగిరే ఘట్టానికి రాసిన ‘ఫ్లైట్ ఆఫ్ ది బంబుల్‌బీ’ని 300 దాటించి వాయించాలన్న పట్టుదల గిటారిస్టులలో కొందరికి ఉంది. 320 దగ్గర సెకనుకు 21 స్వరాలు. సెకనుకు ఇరవై దాటాక మనిషి చెవి వాటిని విడివిడిగా పట్టుకోవడం మానేసి ఒకే రొదగా వింటుంది. సాధకుడికి ఇంతకన్నా వెసులుబాటు ఏం కావాలి? ఏ స్వరం జారిపోయిందో ఎవరికీ తెలియదు.

లక్ష్యం కుదిరాక సామగ్రి. లోపం చేతిలో లేదు, చేతిలోని వస్తువులో ఉంది అన్న నమ్మకమే ఈ విధానానికి పునాది. ముందు తీగను మీటే బిళ్ల, అంటే పిక్ సంగతి చూడాలి. అర మిల్లీమీటరు మందం కూడా లేని పలచని పిక్ తీగకు తగలగానే వంగుతుంది; అది మళ్లీ నిటారయ్యేలోపు తర్వాతి స్వరానికి వేళ మించిపోతుంది. అందుకే వేగంగా వాయించేవారిలో చాలామంది మిల్లీమీటరుకు పైబడిన గట్టి పిక్‌లే వాడతారు. డన్‌లప్ కంపెనీ జాజ్ త్రీ పిక్ చిన్నది, మొనదేలినది, 1.38 మిల్లీమీటర్లది. అలాంటిది ఒకటి కొని ఆరు నెలలు దానితోనే ఉంటే చెయ్యి దానికి అలవాటు పడిపోయే ప్రమాదం ఉంది. వారానికొకటి మార్చడం మేలు. క్వీన్ బృందంలో బ్రయన్ మే పాత బ్రిటిష్ ఆరు పెన్నీల నాణెంతో వాయిస్తాడని తెలిసిన రోజున ఇంట్లో ఉన్న రూపాయి బిళ్లలన్నీ ప్రయత్నించాలి. గిటారిస్టు ఎడ్డీ వాన్ హాలెన్ పిక్‌ను బొటనవేలికీ మధ్యవేలికీ నడుమ పట్టుకునేవాడని తెలిసిన రోజున పట్టు మార్చాలి. వాళ్లు తమకు కుదిరినదాన్ని ఏళ్ల తరబడి వదలకుండా పట్టుకున్నారన్న సంగతి ఇక్కడ అప్రస్తుతం.

తర్వాత గిటారు. పన్నెండో ఫ్రెట్ (మెట్టు) దగ్గర తీగకూ ఫ్రెట్‌కూ మధ్య ఒకటిన్నర, రెండు మిల్లీమీటర్ల ఎడం ఉండేట్టు సరిచేయించుకుంటే మామూలు గిటారు కూడా వేళ్లకు తేలికవుతుంది. ఆ పని చవకలో, ఒక్క పూటలో అయిపోతుంది కనుక దాని జోలికి పోకూడదు. ఫ్రెట్ల మధ్య చెక్కను గుంటలుగా తొలిచిన స్కాలప్డ్ గిటారు కొనాలి. 1984లో ‘రైజింగ్ ఫోర్స్’ ఆల్బమ్‌తో వేగానికి మారుపేరైన స్వీడన్ గిటారిస్టు ఇంగ్వే మాల్మ్‌స్టీన్ వాయించేది అలాంటిదే. వీణ వాయించేవారికి ఇందులో వింత లేదు. మెట్ల మధ్య లోతు ఉంటే తీగను లాగి గమకం పలికించడం సుఖం. అయితే ఆ లోతులోకి తీగను గట్టిగా నొక్కే అలవాటున్న చేతికింద ప్రతి స్వరమూ శ్రుతి కాస్త హెచ్చుతుంది. గట్టిగా నొక్కడం మానడం సాధకుడి ఆత్మగౌరవానికి భంగం కాబట్టి శ్రుతిదోషాన్ని శైలిగా ప్రకటించుకోవాలి.

పిక్ పట్టుకోవడంలో మొహమాటం పనికిరాదు. బొటనవేలి గోరు తెల్లబడేదాకా బిగించాలి. మణికట్టును కదలనివ్వకుండా భుజాన్నీ మోచేతినీ రంగంలోకి దించాలి. నేర్పరి చేతిలో పిక్ మొన తీగకు అటూ ఇటూ కొద్ది మిల్లీమీటర్లే కదులుతుంది; దూరం తగ్గితే వేగం దానంతటదే వస్తుంది. కానీ ఆ కదలిక మూడో వరుసలో కూర్చున్నవాడికి కనిపించదు. సాధకుడి పిక్ ఒక్కో మీటుకు అంగుళం దూరం పోయి రావాలి, శ్రమ తెలియాలి. సాధన కుర్చీలో కూర్చుని, గిటారును పొట్టకు ఆనించుకుని చేయాలి. వేదికపై మాత్రం బెల్టు వదులు చేసి మోకాళ్ల దాకా వేలాడదీయాలి. దాంతో మణికట్టు వంపు పూర్తిగా మారిపోయి, ఇంట్లో వచ్చినదేదీ అక్కడ రాదు. దానికి సౌండ్ సిస్టమ్ మీద నెపం పెట్టవచ్చు.

ఇక మెట్రోనోమ్. 60 దగ్గర మొదలుపెట్టి, ఒకటి-రెండు-మూడు-నాలుగు ఫ్రెట్లు వరసగా నొక్కుతూ, రోజుకు ఐదు బీట్లు పెంచుకుంటూ పోవాలి. ఈ లెక్కన రెండు నెలలు తిరక్కుండానే 320 చేరాలి. సాధారణంగా 110, 120 మధ్య ఎక్కడో బండి ఆగిపోతుంది. నెమ్మదిగా వాయించేటప్పుడు చెయ్యి ఏ కదలికతోనైనా నెట్టుకొస్తుంది. వేగంలో పనికొచ్చే కదలిక వేరే. నడకను ఎంత తొందరపెట్టినా అది పరుగు కాదు. అమెరికన్ గిటారిస్టు షాన్ లేన్ ముందు వేగంగా వాయించి, ఆ కదలిక చేతికి పట్టాక దాన్ని శుభ్రం చేసుకోమని చెప్పేవాడు. కర్ణాటక సంగీతం నేర్చేవాళ్లు సరళీ స్వరాలను మూడు కాలాలలో సాధన చేస్తారు. తాళం నడక మారదు. మొదటి కాలంలో అక్షరానికి ఒకటి, రెండో కాలంలో రెండు, మూడో కాలంలో నాలుగు స్వరాలు. అంటే తొలి పాఠాల్లోనే పిల్లలు నాలుగింతల వేగం రుచి చూసి మళ్లీ విలంబానికి వస్తారు. ఐదేసి బీట్ల నిచ్చెన నమ్ముకున్న సాధకుడి ముందు ఈ ప్రస్తావన తేకూడదు.

మరీ ముఖ్యంగా పాలకొల్లులో పుట్టిన మాండలిన్ శ్రీనివాస్ ఊసు ఎత్తకూడదు. ఆయన వాయించింది ఎలక్ట్రిక్ మాండలిన్, పట్టింది పిక్కే. జంట తీగలు తీసేసి ఒంటి తీగలు వేసుకున్నాడు. గురువు రుద్రరాజు సుబ్బరాజు మాండలిన్ విద్వాంసుడు కాదు. ఆయన పాడితే శిష్యుడు దాన్ని తీగ మీదికి తెచ్చుకున్నాడు. అంటే ఫ్రెట్ల అంకెలు కాక పాట ముందు చెవిలో పడింది, వేళ్లు దాని వెంట వెళ్లాయి. పెద్దయ్యాక శ్రీనివాస్ జాన్ మెక్‌లాఫ్లిన్ వంటి గిటారిస్టు పక్కన ‘రిమెంబర్ శక్తి’ బృందంలో కూర్చుని కల్పనస్వరాలు కురిపించాడు. ఒకటి-రెండు-మూడు-నాలుగు మంత్రంతో మోక్షం కోరేవాడికి ఈ చరిత్ర మనశ్శాంతిని ఇవ్వదు.

వేగానికి అసలు గండం ఒక తీగ మీద ఉండదు. ఒకే తీగను పైకీ కిందికీ మీటమంటే ఏడాది అనుభవం ఉన్నవాళ్లు కూడా దడదడలాడిస్తారు. తీగ మారేచోట అందరూ తడబడతారు. కారణం పిక్ వాలులో ఉంది. పిక్ పైభాగం నేలవైపు కాస్త వాలి ఉంటే అప్‌స్ట్రోక్ (పైకి మీటు) చివర మొన తీగలకు పైగా తేలి బయటపడుతుంది. డౌన్‌స్ట్రోక్ (కిందికి మీటు) చివర మాత్రం రెండు తీగల సందులో దిగబడుతుంది. వాలు ఎదురువైపుకు తిప్పితే ఫలితమూ తిరగబడుతుంది. పిక్ తేలిన క్షణంలో పక్క తీగకు వెళ్లడం తేలిక. దిగబడిన క్షణంలో వెళ్లాలంటే అడ్డుగా ఉన్న తీగను దాటి గెంతాలి, ఆ గెంతు దగ్గరే లయ జారుతుంది.

తీగకు మూడేసి స్వరాలున్న మేజర్ స్కేల్‌ను నేలవైపు వాలిన పిక్‌తో వాయిస్తున్న చేతిని దగ్గరగా చూస్తే ఇది తేటపడుతుంది. లావు తీగపై కిందికి, పైకి, కిందికి. మూడో స్వరం డౌన్‌స్ట్రోక్. పిక్ సందులో చిక్కుకుంది, గెంతక తప్పదు. తర్వాతి తీగపై పైకి, కిందికి, పైకి. ఈసారి పిక్ తేలింది, దారి తెరిచి ఉంది. మూడో తీగ చివర మళ్లీ చిక్కు. అంటే ఒకటి విడిచి ఒకటిగా సగం మలుపుల దగ్గర చెయ్యి తట్టుకుంటుంది. తీగకు రెండేసి, నాలుగేసి స్వరాలు పెట్టుకుంటే ఈ బాధ లేదు, ప్రతి తీగా అప్‌స్ట్రోక్‌తోనే ముగుస్తుంది. గిటారిస్టు ఎరిక్ జాన్సన్ పెంటటానిక్ (ఐదు స్వరాల స్కేల్) పరుగులలో తీగకు రెండేసి స్వరాలు ఉండడంలో కిటుకు ఇదే. మరో గిటారిస్టు ఫ్రాంక్ గాంబాలే వేరే దారి తొక్కాడు. మూడో స్వరం డౌన్‌స్ట్రోక్ అయినప్పుడు దాన్ని ఆపకుండా అదే ఊపులో పక్క తీగ మీదికి జార్చి, ఒకే తోపుతో రెండు స్వరాలు రాబట్టాడు. కొన్ని మలుపుల దగ్గర మణికట్టును లిప్తపాటు తిప్పి వాలు మార్చేవాళ్లూ ఉన్నారు. ట్రాయ్ గ్రేడీ అనే అమెరికన్ గిటారిస్టు పెద్ద పెద్ద వాద్యకారుల చేతులను కెమెరాతో దగ్గరనుంచి పట్టి, వాళ్లలో చాలామందికే తెలియని ఈ అలవాట్లను పాఠాలుగా చెప్పాడు.

ఇదంతా తెలిసిన సాధకుడు తనకు ఏ మలుపు దగ్గర తట్టుకుంటోందో కనుక్కుని, ఆ రెండు స్వరాలనే పట్టుకుని, పది నిమిషాల్లో కొంత మెరుగుపడే అవకాశం ఉంది. విధానం ప్రకారం అది నిషిద్ధం. తడబాటు వచ్చిన ప్రతిసారీ స్కేల్‌ను మొదటినుంచి ఎత్తుకోవాలి. అప్పుడు వచ్చిన స్వరాలు వందసార్లు, రాని మలుపు ఒకసారి సాధన అవుతాయి.

ఎడమచేతికి ఈ శాస్త్రంలో స్థానం తక్కువ. పిక్ తీగను తాకేవేళకు వేలు ఫ్రెట్ వెనక దిగి ఉండాలి. తొందరపడినా ఆలస్యమైనా స్వరం టక్కుమని చచ్చిపోతుంది. వేగం లేదని మొత్తుకునేవారిలో చాలామందికి చేతులు రెండూ వేగంగానే ఉంటాయి, వాటికి ఒకదానితో ఒకదానికి పొత్తు కుదరదు. ప్రతి నాలుగు స్వరాలలో మొదటిదాన్ని కాస్త నొక్కి మీటితే రెండూ అక్కడ కలుసుకుంటాయి. ఈ చిట్కా ఉచితం కాబట్టి ఎవరూ నమ్మరు.

నమ్మదగినది డిస్టార్షన్. గెయిన్ నాబ్‌ను చివరిదాకా తిప్పితే యాంప్ గట్టి మీటునూ మెత్తటి మీటునూ దాదాపు ఒకే మోతలోకి తెస్తుంది. నాలుగింట ఒక స్వరం పిక్‌కు అందకపోయినా తెలియదు. దానిపై డిలే పెడల్ వేస్తే ప్రతిధ్వని మిగతా ఖాళీలు పూడుస్తుంది. ఇబ్బందల్లా ఒకటే. అదే గెయిన్, నొక్కని తీగలు చేసే రొదను కూడా అంతే ఉదారంగా పెంచుతుంది. కుడి అరచేతి అంచుతో, ఎడమచేతి చూపుడువేలి కొసతో పక్క తీగలను అణచిపెట్టడం దీనికి సరైన విరుగుడు. అది నేర్చుకునే ఓపిక లేనివారు మొదటి ఫ్రెట్ దగ్గర జడ రబ్బరు బిగిస్తారు. పెడళ్లన్నీ తీసేసి, కేబుల్ పీకేసి, ఉత్తి గిటారును నిశ్శబ్దమైన గదిలో వాయించడం మాత్రం ఎట్టి పరిస్థితుల్లోనూ చేయరాదు. అప్పుడు చేతిలో ఉన్నది ఉన్నట్టు వినబడుతుంది. ఫోన్‌లో రికార్డు చేసి సగం వేగంతో వినడం అంతకన్నా దుర్మార్గం.

సాధన ఎంతసేపు? గిటారిస్టు స్టీవ్ వాయ్ పది గంటల సాధన క్రమాన్ని 1990లో గిటార్ వరల్డ్ పత్రిక అచ్చువేసింది. ఆ పది గంటలలో చెవి శిక్షణ, స్వరలిపి చదవడం, స్వరసమూహాలు (కార్డ్స్), స్వరరచన అన్నీ ఉన్నాయి. సాధకుడు వాటిని కొట్టేసి అంకె ఒక్కటీ ఉంచుకోవాలి. నాలుగో గంటలో ముంజేయి బరువెక్కుతుంది, ఆరో గంటలో మణికట్టు దగ్గర సలపరం మొదలవుతుంది. దీన్ని పురోగతికి గుర్తుగా భావించే సంప్రదాయం ఉంది. నిజానికి ఆ సలపరం స్నాయువుల వాపుకు తొలి కబురు. అక్కడ ఆపితే నాలుగు రోజుల్లో తగ్గేది, ఆపకపోతే నెలలు తినేస్తుంది. 1830ల మొదట్లో రాబర్ట్ షూమన్ పియానో కోసం వేలికి బలం పెంచే సాధనం ఒకటి వాడాడు. అతడి కుడిచేయి దెబ్బతినడానికి కారణం అదేనా, మరొకటా అని వైద్యులు ఇప్పటికీ వాదించుకుంటున్నారు. కచేరీ పియానిస్టు కావాలన్న కోరిక మాత్రం అక్కడితో ఆగింది. ఆయన స్వరకర్తగా మిగిలాడు. ఆ ప్రత్యామ్నాయం అందరికీ అందుబాటులో ఉండదు.

చివరి ఘట్టం నలుగురితో కలిసి వాయించడం. దీన్ని వీలైనంతకాలం వాయిదా వేయాలి. మెట్రోనోమ్‌ను తనకు అనువుగా ఆపుకోవచ్చు, డ్రమ్మర్ ఆగడు. పైగా బృందంలో గిటారిస్టు పాట పొడుగునా వాయించేది ఎక్కువగా రిథమే. మెటాలికా 1986లో తెచ్చిన ‘మాస్టర్ ఆఫ్ పపెట్స్’ పాట ఎనిమిదిన్నర నిమిషాలుంటుంది. అందులో ప్రధానమైన రిఫ్‌ను (మళ్లీ మళ్లీ వచ్చే స్వరవరుసను) ఆ బృందం గిటారిస్టు జేమ్స్ హెట్‌ఫీల్డ్ 200 దాటిన టెంపోలో అన్నీ డౌన్‌స్ట్రోక్‌లతోనే మీటుతాడు. బీటుకు రెండు చొప్పున సెకనుకు సుమారు ఏడు. 320 లెక్కతో చూస్తే పిల్లలాట. అయినా దాన్ని ఒక్క నిమిషం ఆగకుండా, ఎగుడుదిగుడు లేకుండా వాయించాలంటే బిగించిన భుజం పనికిరాదు, అంగుళం పిక్ కదలిక పనికిరాదు, డిలే పెడల్ అసలే పనికిరాదు. ఆ ఒక్క నిమిషం డ్రమ్మర్‌తో సమంగా నిలబడాలని ఉన్నవారికి ఈ విధానం వర్తించదు.