పది వేళ్లు, ఒకటే గ్రూపు

మళ్లీ విధానమట. ఈసారి కెరీర్ గైడెన్స్‌కు, అదీ జాతీయ స్థాయిలో. పదో తరగతి పిల్లలకు దారి చెప్పే దిక్కు లేదన్న సంగతి ఢిల్లీకి తెలియడం ఇది మొదటిసారేం కాదు. 1953లో మొదలియార్ కమిషన్ చెప్పింది. 1954లో ఈ పని కోసమే ఒక కేంద్ర బ్యూరో కూడా వెలిసింది. 1966లో కొఠారీ కమిషన్ బీద దేశమని జాలిపడి, కనీసం పది స్కూళ్లకు ఒక కౌన్సెలరైనా తిరుగుతూ ఉండాలంది. అప్పుడు ఎనిమిదో తరగతి చదువుతున్న కుర్రాడికి ఇప్పుడు డెబ్బై దాటాయి. ఆ తిరిగే కౌన్సెలర్ మాత్రం ఇంకా ఏ బస్టాండులో ఉన్నాడో ఎవరికీ తెలియదు.

2015లో నేషనల్ కెరీర్ సర్వీస్ పోర్టల్ వచ్చింది. ఎంప్లాయ్‌మెంట్ ఎక్స్ఛేంజి ముందు నిలబడ్డవాళ్లకు లాగిన్, పాస్‌వర్డ్ దక్కాయి.

సర్కారు రాకపోతే పని ఆగుతుందా? టెన్త్ పరీక్షలు మొదలవకముందే కార్పొరేట్ కాలేజీ పీఆర్వో ఇంటి గుమ్మంలో ఉంటాడు. పిల్ల మార్కులు, తండ్రి ఫోన్ నంబరు, కొత్తగా కట్టిన ఇంటి సంగతి అన్నీ అతనికి తెలుసు. ఫంక్షన్ హాలులో ‘ఉచిత కెరీర్ అవగాహన సదస్సు’ పెట్టేవాడి దగ్గర అమెరికా యూనివర్సిటీల బ్రోచర్లుంటాయి. ఆరో తరగతి పిల్లాడికి ఐఐటీ ఫౌండేషన్ అంటగట్టే స్కూలు కూడా తను చేస్తున్నది గైడెన్సే అంటుంది.

వీళ్లందరినీ తలదన్నినవాడు వేలిముద్రలాయన. ఆయన చేసే పరీక్షను డీఎంఐటీ అంటారు. పిల్లాడి పది వేళ్లూ స్కానర్ మీద పెట్టించి, కొన్ని వేలు పుచ్చుకుని, రంగురంగుల రిపోర్టు చేతిలో పెడతారు. కుడి మెదడు ఎంత శాతం, ఎడమ మెదడు ఎంత శాతం, లెక్కల తెలివి ఎంత, సంగీతం ఎంత, అన్నీ దశాంశాలతో సహా ఉంటాయి. పిల్లాడిని ఒక్క ప్రశ్న కూడా అడగరు. అడిగితే ఏదైనా చెప్పేస్తాడని భయం కాబోలు.

దీని వంశవృక్షం గొప్పది. హెరాల్డ్ కమిన్స్ అనే శాస్త్రవేత్త 1926లో చర్మరేఖల అధ్యయనానికి డెర్మటోగ్లిఫిక్స్ అని పేరు పెట్టాడు. అది నిజమైన శాస్త్రమే. 1983లో హోవార్డ్ గార్డ్‌నర్ తెలివితేటలు రకరకాలని రాశాడు. అది వాదోపవాదాలున్న సిద్ధాంతం. ఒకదానికొకటి సంబంధం లేని ఈ రెంటినీ కలిపి అతికించి ఫ్రాంచైజీలు అమ్ముతున్నారు. దీనికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీ తేల్చిచెప్పింది. స్కూళ్ల పేరెంట్స్ మీటింగుల్లో మాత్రం స్టాల్ తీయలేదు.

కొన్ని రిపోర్టుల్లో పక్షులు కూడా ఉంటాయి. మీవాడు గద్ద, మీ అమ్మాయి నెమలి, పక్కింటివాడు పావురం. గుడ్లగూబ అని వచ్చినా తల్లిదండ్రులు నొచ్చుకోకూడదు, అది మేధావి లక్షణమట. రోడ్డు పక్కన చిలక జోస్యం చెప్పేవాడు ఇంతకంటే నిజాయితీపరుడు. పక్షి ఆయనదే, పంజరం ఆయనదే, తీసేది ఒక్క కార్డే, దాన్ని న్యూరోసైన్స్ అనడు.

1897లో కలకత్తాలో ప్రపంచంలోనే తొలి వేలిముద్రల బ్యూరో పెట్టింది నేరం చేసినవాడిని పట్టుకోవడానికి. ఎవడు ముందుముందు ఏం చేస్తాడో చెప్పగలమని ఆ పోలీసులు కూడా అనలేదు. సంతకం రాక దస్తావేజుల మీద నిశానీ వేసిన తాతలు, ఆ అవమానం తమతోనే పోవాలని పిల్లలను బడికి పంపారు. ఇప్పుడు మునిమనవడు ఏం చదవాలో తెలుసుకోవడానికి పది వేళ్లూ వేస్తున్నాడు. తాత ఒక్క బొటనవేలితో సరిపెట్టుకున్నాడు, ఫీజు కూడా కట్టలేదు.

ఇంతా చేస్తే గద్దా, నెమలీ, పావురమూ, గుడ్లగూబా వెళ్లి వాలేది ఎంపీసీ కొమ్మ మీదే. మరీ రక్తం చూసి భయపడని పక్షయితే బైపీసీ.

నవ్వు ఇక్కడితో ఆగిపోవాలి. విశాఖలో నీట్ శిక్షణ తీసుకుంటున్న పదిహేడేళ్ల అమ్మాయి చనిపోయిన కేసులో 2025 జూలై 25న సుప్రీంకోర్టు పదిహేను మార్గదర్శకాలు ఇచ్చింది. వందమంది, అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థలో అర్హత ఉన్న కౌన్సెలర్ ఉండాలంది. మార్కులను బట్టి సెక్షన్లు విడదీయొద్దంది. పిల్లలకే కాదు, తల్లిదండ్రులకు కూడా క్రమం తప్పకుండా కెరీర్ కౌన్సెలింగ్ జరగాలంది. ఒక బిడ్డ చచ్చిపోయి, తండ్రి కోర్టుల చుట్టూ తిరిగితే తప్ప ఈ మాత్రం మాట చెప్పేవాడు లేడు. 1966 నాటి కాగితం అల్మరాలోనే ఉంది. దాన్ని తెరవడానికి ఎవరికీ తీరిక లేకపోయింది.

ఆ తెరవని అల్మరా ఖరీదు కట్టింది ప్రభుత్వ బడి పిల్లలు. పదో తరగతి అయ్యాక పాలిసెట్ రాసి డిప్లొమాలో చేరొచ్చని, ఐటీఐ ఉందని, ఇంటర్ ఒకేషనల్‌లో ల్యాబ్ టెక్నీషియన్ కోర్సు చేసినా బ్రిడ్జి కోర్సుతో పై చదువులకు వెళ్లొచ్చని చెప్పడానికి ఏ న్యూరోసైన్సూ అక్కర్లేదు. తెలిసిన మనిషి ఒకరు కావాలి, నోటీసు బోర్డు మీద గడువు తేదీ కావాలి. ఆ మనిషి లేక, దరఖాస్తు తేదీ దాటాక తెలుసుకుని, దొరికిన సీట్లో చేరి మధ్యలో మానేసిన పిల్లలకు ఏ విధానమూ ఆ ఏడాదిని తిరిగివ్వదు.

ఇప్పుడు రాయబోయే విధానంలో విజన్, మిషన్, డ్యాష్‌బోర్డు ఎలాగూ ఉంటాయి. కౌన్సెలర్ పోస్టులెన్ని, జీతం ఏ పద్దు నుంచి, వేలిముద్రల దుకాణాన్ని స్కూలు గేటు దాటనివ్వకుండా ఆపే అధికారి ఎవరు అన్నవి ఉంటాయా? సీటు అమ్మేవాడు సలహా ఇవ్వకూడదన్న ఒక్క వాక్యం రాస్తారా? రాయకపోతే కౌన్సెలర్ బాధ్యతలు పీఈటీ సారుకు ఇన్‌ఛార్జిగా ఇస్తారు, ఆయన ఆదివారం పూట ఆన్‌లైన్ శిక్షణలో సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసుకుంటారు, స్కూలు తనిఖీ రిజిస్టరులో ‘కలదు’ అని రాసుకుంటుంది.