పిడికెడు, వెర్షన్ 2

మా బామ్మర్దిని చందా అడిగితే డబ్బులివ్వడు. చందాలు అడిగే పద్ధతిలో లోపమేమిటో చెబుతాడు. పోయిన వినాయక చవితికి పోచంపల్లిలో వాళ్ళ గల్లీ పిల్లలు రసీదు బుక్కు పట్టుకొని వస్తే, అరుగు మీద కూర్చోబెట్టి, మంచినీళ్ళిచ్చి మరీ క్లాసు పీకాడు. "ఒక్కసారే ఐదొందలు అడిగితే మనిషికి పానం పోయినట్టుంటది తమ్మీ. నెలకు పది రూపాయలు అడగండి, తెల్వకుండనే పోతయి." వాళ్ళలో చిన్నోడు బుక్కు మూసేసి, "అన్నా, గణపతి నెలనెల రాడు కద" అన్నాడు.

ఇలాంటి మనిషి మీ చుట్టాల్లోనూ ఒకడుంటాడు. హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, శని ఆదివారాలు ఊరు, ఊళ్ళో ఉన్నంతసేపూ ఒళ్ళో ల్యాప్‌టాప్. ఎవరైనా విరాళం అడిగితే ముందు 80జీ రసీదు ఇస్తారా అంటాడు. తను ఎంచుకున్నదేమో కొత్త పన్ను విధానం, అందులో ఆ మినహాయింపే లేదు.

"జనాల్ల మంచితనం మస్తుంది బావా, యాది చేసేటోడే లేడు" అన్నది మావాడి సిద్ధాంతం. ఆ యాది చేసేదాన్ని తయారు చేస్తున్నాడు. క్రోమ్‌లో ఓ మూల చిన్న బొమ్మగా కూర్చునే ఎక్స్‌టెన్షన్. మనం ఆన్‌లైన్‌లో చొక్కా కొనబోతే టక్కున పైకి లేచి, "దీంతోపాటు పిల్లల పుస్తకాలకు ఓ పది రూపాయలు?" అంటుంది. వద్దంటే మూతి ముడుచుకుంటుంది. ఆ మూతి ముడవడం నేర్పడానికే వారం రోజులు సెలవు పెట్టాడు.

మామ ల్యాప్‌టాప్‌లోకి ఎక్కిద్దామంటే అది అన్ని వెబ్‌సైట్లలోనూ మన డేటాను చదవగలదు, మార్చగలదు అని క్రోమ్ హెచ్చరించింది. కొనే పేజీని కనిపెట్టాలంటే అంత అనుమతి కావాల్సిందేనట. మామ కళ్ళద్దాలు సర్దుకొని రెండుసార్లు చదివి, "పది రూపాయల పున్నానికి ఇల్లంత తాళంచెవులు ఇయ్యాల్నారా?" అన్నాడు.

అమెరికా ముచ్చట కూడా ఉంది. అక్కడ అమెజాన్ 2013లో స్మైల్ అని మొదలుపెట్టింది. కొన్న సరుకు ధరలో అర శాతం మనం చెప్పిన సేవాసంస్థకు పోతుంది, కొన్నవాడి జేబులోంచి పైసా కదలదు. అత్త సొమ్ము అల్లుడు దానం చేసినట్టన్నమాట. దానికి వేరే చిరునామాలోంచి వెళ్ళాలి, జనం మరిచిపోతారు కాబట్టి అటు మళ్ళించే ఎక్స్‌టెన్షన్లూ వచ్చాయి. చివరికి సాయం మరీ ఎక్కువ సంస్థల మధ్య పలచబడిపోతోందని 2023 ఫిబ్రవరిలో కంపెనీయే మూసేసింది. ఎవరికైనా ఇందులో నీతి కనబడుతుంది. మావాడికి మాత్రం ఖాళీ జాగా కనబడింది.

మరీ ఇరుకున పెడితే ఊరి పేరు తీస్తాడు. 1951 ఏప్రిల్ 18న వినోబా ఈ ఊరికి వచ్చినప్పుడు దళితులు 80 ఎకరాలు అడిగారు, వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలిస్తానన్నారు. భూదానం పుట్టిందీ, పోచంపల్లి భూదాన్ పోచంపల్లి అయిందీ అలాగే. "చూసినవా బావా, అడిగేది సక్కగ అడిగితే 20 ఎకరాలు ఎక్కువే వస్తయి. దీన్నే మేం కన్వర్షన్ అంటం." మామ ఊరుకోడు. "ఆయన ఊరూరు నడిచి అడిగిండు. నువ్వు మంచం దిగవు."

అసలు చిక్కు వేరే ఉంది. ఊళ్ళో మగ్గం మీద కూర్చునేవాళ్ళ చేతిలో ఉండేది ఫోను. ఫోన్లోని క్రోమ్ ఎక్స్‌టెన్షన్లను రానివ్వదు. పోనీ యూపీఐ ఆటోపే పెడదామంటే, డబ్బు కోయడానికి 24 గంటల ముందే కబురు చెప్పాలని రిజర్వ్ బ్యాంకు నిబంధన. రేపు నీ పది రూపాయలు పోతున్నాయిరా అని ఇవాళే చెబితే ఎంతటి ధర్మాత్ముడైనా ఆలోచనలో పడతాడు.

ఇదంతా మా అత్త వంటింట్లోంచి వింటూనే ఉంటుంది. ఆమె దగ్గర పాత డాల్డా డబ్బా ఒకటి ఉంది. అన్నానికి బియ్యం కొలిచినప్పుడల్లా అందులోంచి ఓ పిడికెడు తీసి ఆ డబ్బాలో పోస్తుంది. నిండితే వెనక గల్లీలో ఒంటరిగా ఉండే ముసలమ్మకు చేరుతుంది. వినోబా కూడా తర్వాతి రోజుల్లో ఇంటింటా సర్వోదయ పాత్ర పెట్టమన్నారు, పసిపిల్లల చేత రోజూ పిడికెడు గింజలు వేయించమన్నారు. అత్తకు ఆ సంగతి తెలియదు, వాళ్ళమ్మ చేసేది కాబట్టి చేస్తుంది. మావాడు డబ్బాను అటూ ఇటూ తిప్పి చూసి, "మరి దీనికి రిమైండర్ ఎట్లమ్మా?" అన్నాడు.

"ఎసరు పెట్టంగనే యాదికొస్తది కదరా."

సిగ్గుపడతాడనుకున్నాను. నోట్సు రాసుకున్నాడు. వెర్షన్ 2లో బటన్ పేరు 'పిడికెడు'.

అయినా అతన్ని పూర్తిగా తిట్టలేను. సర్కారు వారి ఈపాస్ సైట్‌లో స్కాలర్‌షిప్ దరఖాస్తులు తెరిచారంటే ఆ అరుగు నిండా పిల్లలే. ఒకడికి ఆధార్‌లో ఒక పేరు, పదో తరగతి మెమోలో ఇంకో పేరు. ఇంకొకరికి ఆదాయం సర్టిఫికెట్ గడువు దాటి ఉంటుంది. అర్ధరాత్రి దాకా కూర్చొని ఒక్కొక్కటీ సరిచేసి పంపిస్తాడు, పైసా పుచ్చుకోడు. పైగా చాయ్ తెప్పిస్తాడు. అది దానమని అతనికి ఎన్నడూ తోచలేదు, అందులో నొక్కడానికి బటన్ లేదు కదా.

పోచంపల్లికి చీరల కోసం వచ్చేవాళ్ళకు ఒక మాట. మీ పిల్లల దరఖాస్తులు ఎక్కడైనా ఆగిపోయి ఉంటే మొహమాటపడకుండా ఆ అరుగు దగ్గరికి పట్టుకెళ్ళండి, పనవుతుంది. ఎక్స్‌టెన్షన్ సంగతి మాత్రం మీ అంతట మీరు కదపకండి. చీకటి పడకముందే ఊరు చేరాలి కదా.