వర్క్ కోసమే నాన్నా!

మన ఇళ్లలోకి ఖరీదైన వస్తువు ఏది రావాలన్నా దానికి తోడుగా ఒక పవిత్రమైన కారణం రావాలి. బంగారమైతే పిల్ల పెళ్లి. స్థలమైతే పిల్లాడి భవిష్యత్తు. లక్షన్నర పోసి అసెంబుల్ చేయించే కంప్యూటరైతే ‘వర్క్’. ఆడుకోవడానికి కావాలని చెప్పి కంప్యూటర్ కొనిపించుకున్న తెలుగు కుర్రాడు ఇంతవరకు నాకు తారసపడలేదు. పదో తరగతిలో ప్రాజెక్టు కోసం, ఇంజినీరింగ్‌లో కోడింగ్ కోసం, ఉద్యోగం వచ్చాక వర్క్ ఫ్రమ్ హోమ్ కోసం అడుగుతాడు. తండ్రి నమ్మినట్టే తలూపుతాడు. ట్యూషన్‌కు వెళ్లడానికని చెప్పి సైకిల్ కొనిపించుకుని మ్యాట్నీలకు తొక్కిన మనిషే కదా ఆయనా.

‘ఏరా, ఆఫీసువాళ్లు ల్యాప్‌టాప్ ఇచ్చారుగా?’

‘అది స్లో నాన్నా. వర్క్‌కు సరిపోదు.’

మాదాపూర్, గచ్చిబౌలి కంపెనీల్లో చాలావాటికి ఒక రూలుంది. ఆఫీసు పని ఆఫీసు ల్యాప్‌టాప్‌లోనే చేయాలి. సొంత మిషన్‌లో వీపీఎన్ పెట్టనివ్వరు, కోడ్ ఒక్క లైను బయటికి పోనివ్వరు. కాబట్టి వర్క్ కోసమని కొన్న మిషన్‌లో వర్క్ చేయడం కుదరదు. పని అంతా ఆ ‘స్లో’ ల్యాప్‌టాపే చేసుకుపోతుంది. కొత్త పెట్టె దాని పక్కన కూర్చుని ఏడు రంగుల్లో వెలుగుతుంది. సాయంత్రం ఏడున్నరకు లాగవుట్ కాగానే దానికి అసలు డ్యూటీ మొదలవుతుంది.

ఆడుకుంటే తప్పేముంది? ఏమీ లేదు. కష్టపడి సంపాదించుకున్న డబ్బు, వాడిష్టం. ఎటొచ్చీ ఆ ముక్క నోరు విప్పి చెప్పకపోవడం వల్ల, ఈ మిషన్ దేనికి, అందులో ఏం ఆడతావు, ఏం చేస్తావు అన్న ప్రశ్న ఇంట్లో ఎవరూ అడగరు. ఇంట్లో అడగని ప్రశ్న దుకాణంలో అసలే అడగరు. వ్యాపారమంతా ఆ అడగని ప్రశ్న మీదే నడుస్తోంది.

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లో చెనాయ్ ట్రేడ్ సెంటర్ ఉంది. అందరి నోటా సీటీసీ. ఢిల్లీకి నెహ్రూ ప్లేస్, చెన్నైకి రిచీ స్ట్రీట్, బెంగళూరుకు ఎస్‌పీ రోడ్ ఎలాగో మనకు అది అలాగ. ఒకప్పుడు బ్రాండెడ్ కంప్యూటర్ కొనే స్తోమత లేనివాళ్లు ఇలాంటి చోటికి వెళ్లి విడిభాగాలు ఏరుకుని చౌకలో ఒకటి బిగించుకునేవారు. ఇప్పుడు బ్రాండెడ్‌తో తృప్తి లేనివాళ్లు వెళ్లి దానికి రెట్టింపు ఇచ్చి వస్తున్నారు.

ఇలాంటి ఏ బజారులో ఏ దుకాణం మెట్లెక్కినా మొదటి ప్రశ్న ఒకటే. ‘బడ్జెట్ ఎంతన్నా?’ అరవై వేలని చెప్పినవాడు పాపం నిజమే చెప్పాడు. కౌంటర్ అవతలి కుర్రాడు కాలిక్యులేటర్ తీయడు. ముందు జాలిగా చూస్తాడు. ‘అరవైకి వస్తది గానీ అన్నా, ఇంకో నాలుగైదు వేలు పెడితే పదహారు జీబీ గ్రాఫిక్స్ కార్డొస్తది.’ కార్డు పెరిగితే ప్రాసెసర్ దానికి అడ్డం పడుతుందట. ప్రాసెసర్ పెంచితే దానికి తగ్గ మదర్‌బోర్డు ఉండాలి. ప్రాసెసర్ వేడెక్కుతుంది కాబట్టి నీళ్ల కూలర్. ఆ కూలర్ మామూలు డబ్బాలో పట్టదు కాబట్టి గాజు క్యాబినెట్. గాజులోంచి లోపలంతా కనిపిస్తుంది కాబట్టి వెలిగే ఫ్యాన్లు, వెలిగే ర్యామ్. ఒక్కో మెట్టుకూ ఒక్కో కారణం. ఏ కారణమూ అబద్ధం కాదు, మొత్తం కలిపితేనే అబద్ధం. అరవైతో లోపలికెళ్లినవాడు లక్షా పదికి ఈఎంఐ మాట్లాడుకుని బయటికొస్తాడు. ‘ఇగ ఐదేండ్ల దాకా చూసుకునే పని లేదన్నా’ అన్న దీవెన మాత్రం ఉచితం.

ఆ దీవెన సంగతీ చూద్దాం. ప్రాసెసర్ల కంపెనీ ఏఎండీ 2017లో రైజెన్‌తో పాటు జనంలోకి తెచ్చిన ఏఎం4 సాకెట్ మదర్‌బోర్డుల్లో చాలావాటికి, 2022లో వచ్చిన 5800 ఎక్స్‌3డీ ప్రాసెసర్ బయోస్ అప్‌డేట్‌తో సరిపోయింది. దానివల్ల బాగుపడ్డది ఎవరు? మొదట్లో మధ్యరకం ప్రాసెసర్ కొని, డబ్బు దాచుకుని, ఐదేళ్లకు ఆ ఒక్కటీ మార్చుకున్న పిసినారి. మొదటిరోజే అన్నిటికన్నా పెద్దది కొన్న దొరగారు కాదు. ఈ ముక్క చెప్పే దుకాణదారు ఎక్కడైనా ఉంటే ఆయన దుకాణానికి నేను కొబ్బరికాయ కొడతాను.

పాపం దుకాణంవాణ్ని ఒక్కణ్ని అని ఏం లాభం? పైన కూర్చున్న కంపెనీల తెలివితేటలు చూడండి. 2022లో గ్రాఫిక్స్ కార్డుల కంపెనీ ఎన్విడియా ఆర్‌టీఎక్స్ 4080 పేరుతో రెండు కార్డులు ప్రకటించింది, 16 జీబీది, 12 జీబీది. తేడా మెమరీలోనే అనుకుంటాం. కాదు, లోపలి చిప్పే వేరు, చిన్నది. జనం గోల పెట్టేసరికి అక్టోబరులో ఆ 12 జీబీ కార్డును ‘విడుదల చేయకుండా’ విరమించుకుంది. 2023 జనవరిలో అదే కార్డు 4070 టీఐ అని పేరు మార్చుకుని, 899 డాలర్ల ముందటి ధరకు వంద డాలర్లు తగ్గించుకుని తిరిగొచ్చింది. బుద్ధి వచ్చిందనుకున్నారా? 2025లో 5060 టీఐ అన్న ఒకే పేరు మీద 8 జీబీ ఒకటి, 16 జీబీ ఒకటి దించింది. ఏఎండీ కూడా తక్కువ తినలేదు, 9060 ఎక్స్‌టీ పేరు మీద అదే పని చేసింది. పేరు చూసి చౌకగా వచ్చిందని మురిసిపోయినవాడు, కొత్త ఆటలో మెమరీ చాలక బొమ్మ ఆగి ఆగి కదులుతుంటే అట్టపెట్టె వెతికి అంకె చదువుకుంటున్నాడు.

2025 జనవరిలో ఎన్విడియా అధిపతి జెన్సన్ హువాంగ్ వేదికెక్కి, 549 డాలర్ల 5070 కార్డు పాత 4090తో సమానమన్నారు. 4090 విడుదలైన ధర 1,599 డాలర్లు. ఎలా సమానమయ్యా అంటే, కార్డు నిజంగా గీసే ఒక్కో ఫ్రేముకు తోడుగా మూడు ఫ్రేములదాకా ఏఐ ఊహించి మధ్యలో ఇరికిస్తుంది. నాలుగింట మూడు ఊహించినవైనా స్క్రీన్ మూలన అంకె మాత్రం అసలుదానిలాగే మెరుస్తుంది. మనవాడికి కావలసింది ఆ అంకే. ఆట మానేసి దాన్నే చూస్తూ కూర్చునేవాళ్లున్నారు.

ఇంటెల్‌ను మరిచిపోయానని అనుకోకండి. దాని 13, 14 తరాల ఖరీదైన ప్రాసెసర్లు ఉన్నట్టుండి క్రాష్ కావడం మొదలై, 2024లో మైక్రోకోడ్ దిద్దుబాట్లు, రెండేళ్ల అదనపు వారంటీ ప్రకటించాల్సి వచ్చింది. అంతకంటే చెప్పుకోవలసింది లేదు.

ధరల కథ మాత్రం కొంచెం చెప్పుకోవాలి. 2021లో గ్రాఫిక్స్ కార్డులన్నీ ఎథీరియం క్రిప్టో నాణేలు తవ్వేవాళ్ల పాలయ్యాయి. కార్డు కావాలంటే బోర్డు, పవర్ సప్లై కూడా మా దగ్గరే కొనాలని ఎన్నో దుకాణాలు షరతు పెట్టాయి. 2022 సెప్టెంబరులో ఎథీరియం పద్ధతి మారి తవ్వకం ఆగింది. రాత్రీ పగలూ మండిన ఆ కార్డులే ‘లైట్ యూజ్ అన్నా, ఓన్లీ మూవీస్ చూసినం’ అన్న సర్టిఫికెట్‌తో సెకండ్‌హ్యాండ్‌లో తేలాయి. సరే, పీడ విరగడైందనుకుంటే ఏఐ డేటా సెంటర్లు దిగాయి. 2025 ఆఖరి నెలల్లో డీడీఆర్5 ర్యామ్ ధర రెట్టింపు దాటిపోయింది. డిసెంబరులో మైక్రాన్ కంపెనీ, ఇరవై తొమ్మిదేళ్లుగా మామూలు జనానికి ర్యామ్ అమ్మిన తన ‘క్రూషియల్’ వ్యాపారం మూసేస్తున్నట్టు ప్రకటించింది. కారణం దాచుకోలేదు కూడా. ఏఐ గిరాకీ ఉండగా మీరెందుకని అంది. ఇంత జరిగినా మనవాడు 32 జీబీ చాలదేమో, 64 వేయిద్దామా అని ఆలోచిస్తున్నాడు. ఏం తెరుస్తావురా అంటే క్రోమ్ అంటాడు.

ఇక గాజు పెట్టె లోపలికి వద్దాం. లక్షా పదివేల మిషన్‌లో అందరూ కోత పెట్టే వస్తువు ఒకటుంది, ఎస్‌ఎంపీఎస్. అది వెలగదు, ఎవరికీ కనిపించదు, ఫ్రేములు పెంచదు. కాబట్టి లైట్లున్న ఫ్యాన్లకు ఐదు వేలు పోసినవాడు, మొత్తం మిషన్‌కు కరెంటు అందించే దానికి ‘450 వాట్స్’ అని స్టిక్కర్ అంటించిన లోకల్ డబ్బా చాలంటాడు. మింగ మెతుకు లేదు, మీసాలకు సంపెంగ నూనె. కొంచెం తెలిసినవాడు ‘80 ప్లస్ గోల్డ్’ అని చదివి ధీమాగా ఉంటాడు. ఆ ముద్ర చెప్పేది కరెంటు ఎంత వృథా అవుతుందన్నది మాత్రమే. వోల్టేజీ ఎగిసిపడ్డ రాత్రి అది కార్డును కాపాడుతుందా లేదా అన్నది ముద్రలో ఉండదు.

దాని వెనకాల యూపీఎస్ ఉంటుంది, పాత కంప్యూటర్ నుంచి వారసత్వంగా వచ్చింది. మీద 600 వీఏ అని రాసి ఉంటుంది. అది 600 వాట్లు కాదు బాబూ, అలాంటివి ఇచ్చేది సుమారు 360 వాట్లు. 5070 టీఐ కార్డు ఒక్కటే 300 వాట్లదాకా లాగుతుంది. ప్రాసెసర్, మానిటర్ కలిపితే లెక్క ఎటు తేలుతుందో ఎల్‌కేజీ పిల్ల చెబుతుంది. బ్రౌజర్ తెరిచి ఉన్నప్పుడు కరెంటు పోతే యూపీఎస్ బాగానే ఆదుకుంటుంది. ఆట మంచి పట్టులో ఉన్నప్పుడు పోతే ఒక్క కూత పెట్టి మిషన్‌కన్నా ముందు తానే పడుకుంటుంది. గోడ ప్లగ్గులో మూడో పిన్ను వెనక ఎర్తింగ్ వైరు ఉందో లేదో ఏ అద్దింట్లోనూ ఎవరూ చూడరు. క్యాబినెట్ ముట్టుకుంటే వేలు చురుక్కుమంటుంది. ‘స్టాటిక్ అంతే’ అని సర్దిచెప్పుకుంటారు.

5090 కొన్న మహానుభావులకు వేరే వైభోగం. ఇండియాలో దానికి 2025లో కంపెనీ ప్రకటించిన ధరే 2,14,000 రూపాయలు, లాగే కరెంటు 575 వాట్లు. అన్ని వాట్లూ చివరికి గదిలో వేడిగానే తేలతాయి. మే నెలలో విజయవాడలో దాన్ని ఆడించాలంటే ఏసీ ఆన్ చేయాలి. ఆ ఏసీ బిల్లు కూడా వర్క్ ఖాతాలోకే.

ఇంత సంభారం సమకూర్చుకుని ఏం ఆడతాడయ్యా అంటే వాలరెంట్. అది పాత మిషన్లలో కూడా పరిగెట్టాలని కావాలనే తేలిగ్గా చేసిన ఆట. పోటీకి కూర్చున్నవాళ్లు ఫ్రేములు పెరగాలని గ్రాఫిక్స్ అన్నీ ‘లో’లో పెట్టుకుంటారు. అంటే బొమ్మ అందంగా రావడానికి లక్ష పెట్టి, ఆ బొమ్మను తన చేత్తోనే చెరిపేసుకోవడం. రెండో జాతివాళ్లు జీటీఏ 6 కోసం ఇప్పట్నుంచే మిషన్ సిద్ధం చేస్తున్నారు. 2026 నవంబరు 19 అని కంపెనీ ప్రకటించింది ప్లేస్టేషన్ 5కు, ఎక్స్‌బాక్స్ సిరీస్‌కు. పీసీకి తేదీ ప్రకటించలేదు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం.

ఈ మిషన్లు కొన్నవాళ్లలో మరీ నవ్వొచ్చే జాతి ఒకటుంది. 144 హెర్ట్జ్ మానిటర్ కొని, సెట్టింగ్ మార్చక 60లోనే చూసేవాళ్లు. ఆరువేల మెగాహెర్ట్జ్ ర్యామ్ కొని, బయోస్‌లో ఎక్స్‌ఎంపీ ఆన్ చేయక మామూలు వేగంతో నడిపేవాళ్లు. అన్నిటికీ మించి, మానిటర్ కేబుల్‌ను గ్రాఫిక్స్ కార్డుకు కాకుండా మదర్‌బోర్డు పోర్టుకు గుచ్చి ‘కార్డు సూపర్‌రా’ అని స్నేహితులకు చెప్పేవాళ్లు. ఆ కార్డు దసరాకు కుంకుమబొట్టు పెట్టించుకుని, పనీ పాటా లేకుండా సుఖంగా ఉంటుంది.

అసలు పని చేసేవాళ్ల మిషన్లు చూశారా? ఊళ్లో డీటీపీ సెంటర్‌కు వెళ్లండి. అను ఫాంట్లు, ఎప్పటిదో పేజ్‌మేకర్, దుమ్ము పట్టిన క్యాబినెట్, పక్క మూత ఎప్పుడో ఊడదీసి గోడకు ఆనించి ఉంటుంది. మన భాషలో ఎన్నో పుస్తకాలు, కరపత్రాలు, శుభలేఖలు అలాంటి మిషన్ల మీదే తయారయ్యాయి. పెళ్లి ఆల్బమ్‌లు చేసే డిజైనర్‌ను అడగండి. ఆయన గోడు గ్రాఫిక్స్ కార్డు కాదు, ముహూర్తాల సీజన్‌లో నిండిపోయే హార్డ్‌డిస్కులు. వీడియో ఎడిటింగ్‌కు, బ్లెండర్‌కు, ఇంట్లో ఏఐ మోడళ్లు ఆడించడానికి పెద్ద కార్డు నిజంగానే కావాలి. ఆ పని చేసేవాళ్లు దుకాణానికి వచ్చేటప్పుడే కావలసిన జీబీలు కాగితం మీద రాసుకుని వస్తారు. వాళ్లను ‘బడ్జెట్ ఎంతన్నా’ అని అడిగితే ‘ముందు ఇది ఉందా చెప్పు’ అంటారు.

కాబట్టి కొనబోయే మహాశయులారా, ఆట కోసమైతే ఆట కోసమేనని ఇంట్లో చెప్పండి, ఒక పూట గొడవతో పోతుంది. ఆడబోయే నాలుగు ఆటల పేర్లు, చేయబోయే పనుల పేర్లు కాగితం మీద పెట్టండి. ముందు మానిటర్ తేల్చుకోండి. 1080పీ మానిటర్‌కు 4కే కార్డు కొనమని చెప్పేవాడు మీ స్నేహితుడు కాడు. ఎస్‌ఎంపీఎస్‌కు డబ్బు పెట్టి, లైట్ల దగ్గర కోసుకోండి. ఎలక్ట్రీషియన్‌ను పిలిచి ఎర్తింగ్ చూపించండి. ఇక డబ్బు కట్టేచోట ‘బిల్లు లేకుంటే పద్దెనిమిది శాతం తగ్గుతదన్నా’ అన్న మాట తీయగా వినిపిస్తుంది. ఒప్పుకోకండి. రెండేళ్లకు కార్డు పోతే వారంటీకి ఆ కాగితమే అడుగుతారు. జీఎస్టీ బిల్లు తీసుకుని, దాని మీద ప్రతి పార్టు సీరియల్ నంబరు రాయించుకోండి. రాయనంటే లేచి వచ్చేయండి, పక్క దుకాణం పది అడుగుల దూరంలోనే ఉంటుంది.