చెప్పుకోండి చూద్దాం, ఎంతయిందో!

మా అపార్ట్‌మెంట్‌లో కొత్తగా దిగినవాళ్లకి వాచ్‌మన్ నీళ్లొచ్చే టైము చెప్తాడు, లిఫ్టు ఎప్పుడు మొరాయిస్తుందో చెప్తాడు. రెండో అంతస్తు పిన్నిగారి సంగతి మాత్రం చెప్పడు. అది ఎవరికి వాళ్లు తెలుసుకోవాల్సిందే. తలుపు తీసి ‘రండి, కూర్చోండి’ అనదావిడ. గిరుక్కున అటు తిరిగి, జడకి తనే కుట్టి పెట్టుకున్న రబ్బరుబ్యాండు చూపిస్తుంది. “చెప్పుకోండి చూద్దాం, ఎంతయిందో!”

దీనికి జవాబు చెప్పడం ఒక విద్య. యాభై అన్నారా, మొహం మాడిపోతుంది. అంటే అది బెజవాడ బీసెంట్ రోడ్డులో తోపుడుబండి మీద కొన్నదానిలా కనపడుతోందనేగా! ఐదొందలన్నారా, వెటకారం చేస్తున్నారని అనుమానం. నూట ఎనభై దగ్గర ఆగి, కాస్త నసిగి, “ఇంకా ఎక్కువే ఉంటుందేమో లెండి” అనాలి. అప్పుడు పిన్ని, “పదకొండు రూపాయలు!” అని చప్పట్లు కొడుతుంది. ఆ వెనకే కాఫీ వస్తుంది. రేటు తక్కువ చెప్పినవాళ్లు ఆ ఇంట్లో కాఫీ తాగిన దాఖలాలు లేవు.

పదకొండు రూపాయల లెక్కలో ఎలాస్టిక్ ఉంటుంది, వన్‌టౌన్‌లో తూకానికి కొన్న ముత్యాల తాలూకు వాటా ఉంటుంది. గుడ్డ ఉండదు. “గుడ్డ ఇంట్లోదే కదా!” బాబాయిగారికి ఈ ‘ఇంట్లోదే’ అన్న మాట వింటేనే గుండె దడ. ఆయన పెళ్లినాటి పట్టు కండువా అలా ఇంట్లోదై, మేనకోడళ్ల జడల్లో ఊళ్లు తిరుగుతోంది. ఇప్పుడాయన స్నానానికి వెళ్లేటప్పుడు లాల్చీ కూడా లోపలికే పట్టుకెళ్తారు.

ఎవరైనా కొత్త చీరతో ఎదురైతే పిన్ని చీర చూడదు, అంచు చూస్తుంది. నాలుగంగుళాలు వెడల్పుందంటే చాలు, కళ్లు మెరుస్తాయి. ఎందుకంటే జడకి పెట్టే గుడ్డ రబ్బరుబ్యాండుకి, అదే స్క్రంచీకి, నాలుగంగుళాల వెడల్పూ ఇరవై అంగుళాల పొడవూ ఉన్న ముక్క కావాలి. మంచివైపు లోపలికి మడిచి, పొడుగునా ఒక కుట్టు వేసి, గొట్టంలా అయ్యాక తిరగేయాలి. ఏడంగుళాల ఎలాస్టిక్‌కి పిన్నీసు గుచ్చి ఈ చివర దూర్చి, గుడ్డని కుచ్చిళ్లుగా వెనక్కి తోస్తూ ఆ చివర లాగాలి. సరిగ్గా సగం దూరంలో పిన్నీసు లోపలే నోరు తెరుచుకుంటుంది. ఆ ఘడియలో ఇంట్లో ఎవరూ దగ్గకూడదు, ఫోను మోగకూడదు. కుక్కరు కూతకి కూడా మన్నింపు లేదు. గుడ్డ మీంచే వేళ్లతో తడిమి, ఆ పిన్నీసుని మళ్లీ మూయించినప్పుడు చూడాలి పిన్ని మొహం.

ఈ స్క్రంచీకి 1987లో అమెరికాలో రోమీ రెవ్సన్ అనే గాయని పేటెంటు తీసుకుందనీ, తన కుక్కపిల్ల పేరే దానికి పెట్టుకుందనీ ఓసారి నోరుజారాను. పిన్ని సూదిలో దారం ఎక్కిస్తూనే, “మా అమ్మ మాకు లంగా బొందుల గుడ్డతో చేసి పెట్టేది. ఆవిడకి కుక్క లేదు, అంతే!” అంది. అమెరికా పేటెంటు ఆఫీసు దగ్గర దీనికి జవాబుంటుందనుకోను.

ఇంటికొచ్చిన శుభలేఖలు పిన్ని చదవదు, వంచి చూస్తుంది. అట్ట మందంగా ఉంటే జడబిళ్ల, పల్చగా ఉంటే పిల్లల హెయిర్‌బ్యాండు మీద పువ్వు. ఓ పెళ్లిలో పెళ్లికూతురి తండ్రి, పిన్ని జడ మధ్యలో బంగారు రంగు వినాయకుణ్ణి చాలాసేపు తేరిపార చూశాడు. ఎక్కడో చూసినట్టుందన్నాడు. అచ్చు వేయించింది ఆయనే మరి. పిన్ని ఏమీ తడుముకోకుండా, “చెప్పుకోండి చూద్దాం!” అంది.

జిగురు తుపాకీ వచ్చాక ఆవిణ్ణి పట్టడం కష్టమైంది. నున్నటి స్టీలు క్లిప్పుకి వేడి జిగురు నిలవదనీ, ముందు గరుకు కాగితంతో రుద్ది, ఫెల్టు ముక్క అతికించి, ఆ పైన పువ్వు పెట్టాలనీ అందరికీ పాఠం చెప్పేది. పాఠం సరైనదే. కానీ బెజవాడ మే నెల ఆ పాఠం వినలేదు. మిట్టమధ్యాహ్నం ఎండలో నిలిపిన స్కూటరు డిక్కీలో పెళ్లికని పెట్టిన క్లిప్పుల జిగురు మెత్తబడింది. పువ్వులు ఒకపక్కకీ ముత్యాలు ఇంకోపక్కకీ జారాయి. పిన్ని పెళ్లివారింట్లోనే ఓ మూల చాప వేసుక్కూర్చుని, సూదీ దారంతో అన్నీ మళ్లీ కుట్టింది. అప్పట్నుంచి తుపాకీకి వేసవి సెలవులిచ్చింది. వేసవిలో మల్లెలుండగా దానితో పనేంటని కూడా అంటుంది. అరటి పట్ట మీద మల్లెమొగ్గలు వరసలు తీర్చి పూలజడ కుట్టేటప్పుడు ఆవిడ ఖర్చు మాటే ఎత్తదు. నా లెక్కలో ఆవిడ చేసేవాటిలో అసలైన పనితనం అదే.

మొన్న మూడో అంతస్తు వదినగారు వచ్చి, మనవరాలి ఓణీల ఫంక్షనుకి వచ్చినవాళ్లకి ఇవ్వడానికి యాభై స్క్రంచీలు కావాలంది. “ఊరికే వద్దు పిన్నీ, ఒక్కోదానికి ఎంతో చెప్పండి, ఇచ్చేస్తాను.”

పిన్ని నోట మాట రాలేదు. ఏళ్ల తరబడి ఊరందర్నీ రేటు అడిగిన మనిషిని తిరిగి రేటు అడిగినవాళ్లు ఇంతవరకూ లేరు. పదకొండంటే మరీ చవక, నూట ఎనభై అడగడానికి నోరు రాదు. గోడకేసి చూసింది, పెన్ను తీసింది, మళ్లీ మూత పెట్టింది.

“డబ్బులేంటమ్మా, పరాయిదాన్నా!” అంది చివరికి. తర్వాత కుర్చీ దగ్గరికి లాక్కుని, గొంతు తగ్గించింది. “అదికాదూ, ఆ నెమలికంఠం రంగు కంచిపట్టు... ఈమధ్య నువ్వు కడుతున్నట్టు లేదే?”

వదినగారు పొయ్యి మీద పాలు పెట్టొచ్చానంటూ లేచింది. మెట్ల మీద వినపడింది, బీరువా తాళాలు ఎక్కడున్నాయో ఫోనులో వాళ్లాయన్ని అడుగుతోంది.