దూదిమామ

ప్రొద్దుటూరు బంగారం అంగళ్లలో గాలి తగలకుండా త్రాసును అద్దాల పెట్టెలో పెడతారు. ఒకనాటి పొద్దున ఆ అద్దాల పెట్టె ముందు మా దూదిమామ నిలబడి, చొక్కా జేబులోంచి పొట్లం తీసి, రెండు దూది ఉండలు బల్ల మీద పెట్టాడు.

"కుడి చెవిది గ్రామున్నర. ఎడమ చెవిదీ అంతే ఉండాల. కొంచెం తూచప్పా."

అంగడాయన దూదిని చూశాడు, మామను చూశాడు, నన్ను కూడా చూశాడు. బోణీ బేరానికి ఎదురు చెప్పకూడదని కాబోలు, తూచాడు. ఎడమది 40 మిల్లీగ్రాములు ఎక్కువొచ్చింది. తాకట్టుకు తెచ్చిన నగ గిల్టుదని తేలినట్టు మామ మొహం వాడిపోయింది.

"అదీ సంగతి! వారం నుంచి పాడేటాయన రవ్వంత కుడికి జరిగి పాడతాండాడు. నేననుకుంటానే ఉండా."

ఇట్లాంటి మనిషి ప్రతి ఊళ్లోనూ ఒకడుంటాడు. ఒకచోట బుల్లెట్ బండి కార్బురేటర్ విప్పుతుంటాడు, మరోచోట ఇంటి మోటారుకు చుట్టు మార్చుతుంటాడు. కంపెనీ చేసి పంపిన వస్తువు అతని లెక్కలో సగం ఉడికిన అన్నం. దించాల్సింది తానే. మా మామకు ఆ పిచ్చి పాత హెడ్‌ఫోన్ల మీదికి మళ్లింది.

పాత హెడ్‌ఫోన్లు మా సీమలో ఎక్కడివంటారా? కడప జిల్లాలో కువైట్ పోయొచ్చిన మనిషి లేని వీధి వెతకాలి. ఆ రోజుల్లో సెంటు సీసాలు, పూల దుప్పట్లు, టూ-ఇన్-వన్‌లతో పాటు అప్పుడొకటి ఇప్పుడొకటి అవీ వచ్చాయి. ఏం చేసుకోవాలో తెలియక అటక ఎక్కించారు. పాత సామాన్లాయన తోపుడుబండి ఆ వీధిలోకి మళ్లే లోపలే మామ ఆ ఇంట్లో కాఫీ తాగుతుంటాడు.

అట్లా దొరికిందే యమహా హెచ్‌పీ-1. 1976లో జపాన్‌లో వచ్చింది, రూపం దిద్దింది ఇటలీ ఆయన మారియో బెల్లినీ. ఆయన్ని మామ "బెల్లినీ సారు" అంటాడు, తనకు హైస్కూల్లో డ్రాయింగ్ చెప్పినట్టు. అందులో మామూలు కాగితపు గరాటు ఉండదు. పల్చటి ప్లాస్టిక్ పొర మీద లోహపు చుట్టు అచ్చువేసి ఉంటుంది, దానికి ముందూ వెనకా చిల్లుల అయస్కాంతాలు. పొరంతా ఒక్కసారిగా కదులుతుంది. ముందుకు ఎంత శబ్దం పోతుందో వెనక డిప్పలోకీ అంతే పోతుంది. అక్కడ గోడకు తగిలి తిరిగొచ్చి, పల్చటి పొరలోంచి దూరి, రవ్వంత ఆలస్యంగా మళ్లీ చెవిలో పడుతుంది. దారిలో దూదో ఫెల్టో ఉంటే, గాలి ఆ పోగుల మధ్య రాసుకుని, శబ్దం కాస్త వేడై అక్కడే ఆరిపోతుంది.

ఈ మాట నాకు అర్థం కాలేదన్నందుకు మామ నన్ను బస్సెక్కించి జమ్మలమడుగు తీసుకుపోయి, అక్కడి నుంచి ఆటోలో గండికోట చేర్చాడు. కింద పెన్న, ఎదురుగా ఎర్రటి కొండచరియ. అంచున నిలబడి "ఓ..." అని గొంతు చించుకున్నాడు. చరియ "ఓ..." అంది.

"యిన్నావా? డిప్పలో జరిగేదీ ఇదే. ఇప్పుడు ఆ గోడకు దూది అంటించినామనుకో..."

"మన ప్రొద్దుటూరు పత్తి చాలదు మామా."

ఆ పక్కన మేకలు మేపుకుంటున్న పెద్దాయన దగ్గరికొచ్చి, "ఎవురు తప్పిపోయినారు నాయనా?" అని దిగులుగా అడిగాడు. మామ ఆయనకు కూడా డిప్ప సంగతి మొదటి నుంచి చెప్పాడు. చివరి బస్సు పోయింది.

దూది దొరకడం మాత్రం మా ఊళ్లో కష్టం కాదు. పత్తి వ్యాపారం ఊరిది, జిన్నింగు మిల్లుల గాలిలోనే పోగులెగురుతాయి. అయినా మామకు మిల్లు దూది నచ్చదు, చేత్తో ఏకింది కావాలి. దూదేకే సాయిబు "పరుపుకా, దిండుకా?" అని అడిగాడు. "చెవికి" అన్నాడు మామ. సాయిబు డబ్బులు తీసుకోలేదు. చెవిపోటు తొందరగా తగ్గాలని దువా చేసి పంపాడు.

తర్వాత కంసాలి వీధి. బోలు కడియంలో లక్క పోయడం అక్కడ పాత విద్య: బోలుది వేలితో కొడితే టింగుమంటుంది, లక్క నిండింది టక్కుమంటుంది. ప్లాస్టిక్ డిప్ప కూడా టింగుమనకూడదు కదా అని మామ లోపలి గోడకు లక్క పోయిద్దామనుకున్నాడు. "లక్క వేడికి మీ బెల్లినీ సారు కరిగిపోతాడు" అని కంసాలి ఆపాడు. చివరికి పిల్లలు బొమ్మలు చేసుకునే రంగుమట్టితో సరిపెట్టుకున్నాడు. నిజం చెప్పాలంటే, అది పనిచేసింది. గోడల గలగల తగ్గింది. ఆపేసి ఉంటే బాగుండేది.

కానీ గుడిలో మృదంగం వాయించే ఆయన ఎడమ మూతకు బొంబాయి రవ్వ ముద్ద అంటించడం మామ కంట్లో పడింది. ముద్ద బరువుకు మూత నిదానించి గుమ్మని పలుకుతుంది, కచేరీ కాగానే ఆయన దాన్ని గీకేస్తాడు. ఆ గీకేయడం మామ చూడలేదు. మూడోనాటికి హెచ్‌పీ-1లో ఎర్రచీమలు కాపురం పెట్టాయి. ఒక చీమ చెవిలోకి దిగేదాకా ఆయన దాన్ని "కొత్త వివరం" అనుకున్నాడు.

"నా రవ్వ యాడరా? వంటింట్లో ఈ సంత ఏంది?" అని అవ్వ.

"అమ్మా, 1910లో అమెరికాలో బాల్డ్విన్ అనే ఆయన వంటింట్లోనే కూచోని హెడ్‌ఫోన్లు చేసి నౌకాదళానికి పంపినాడు."

"వాళ్లమ్మ ఉప్మా చేసేది కాదేమో."

ఇంత చేసినా బాస్ రాలేదు. అదే మామ జీవితానికి లోటు. సెంటీమీటరు మందం దూది సన్నటి శబ్దాలను పట్టగలదు గానీ, గుమ్ముమనే లావు శబ్దాల అలలు మీటర్ల పొడుగుంటాయి, వాటికి దూది లెక్కే కాదు. ఆ సంగతి ఆయనకూ తెలుసు. తెలిసీ ఆర్నెల్లు దూది కూరాడు, తీశాడు, మళ్లీ కూరాడు. ఒకసారి అవ్వకు తొడిగితే "దబదబ బాగానే వస్తాందే" అంది. "మా అమ్మకు చెవులు పోయినాయి" అని తేల్చేశాడు. ఒక ఎండాకాలం మధ్యాహ్నం, పాట నడుస్తుండగా, చెమట తుడుచుకోవడానికి కళ్లద్దాలు తీశాడు. గుమ్మంది! అద్దాల కాడ చెవి మెత్తను ఎత్తిపట్టి సందు చేస్తోంది, బాసంతా ఆర్నెల్లుగా ఆ సందులోంచి బయటికి పోతోంది. ఇప్పుడు అద్దాలు పెట్టుకుంటే స్క్రూ కనబడుతుంది, బాస్ ఉండదు. తీస్తే బాస్ ఉంటుంది, స్క్రూ కనబడదు. స్క్రూలు తిప్పడానికి అప్పటి నుంచి నన్ను పిలుస్తున్నాడు.

ఈయనకు పులివెందులలో ఒక వైరి ఉన్నాడు. అరటితోట రైతు, ఆయన దగ్గరా హెచ్‌పీ-1 ఉంది. ఆయన దాన్ని ఎన్నడూ విప్పలేదు. "చేసినోనికి తెలియదా? బంగారట్లాంటి వస్తువును కోసి దూది కుక్కుతారా?" అంటాడు. పాత మెత్తలు నల్లటి పొడిగా రాలి, ఆయన చెవులు ఎప్పుడూ బొగ్గు మోసొచ్చినట్టుండేవి. అదీ ఒరిజినలే అనేవాడు. రెండేళ్లు ఫోన్లో దూషణలయ్యాక రాజీకి ముద్దనూరులో టీ అంగడి కుదిరింది. ఇద్దరికీ మధ్యస్థం కదా. ముందు రెండింటికీ కొత్త మెత్తలేశారు. దానికి పులివెందుల ఆయన్ని ఒప్పించడానికే నాలుగు టీలు పట్టాయి. కళ్లకు తువ్వాలు కట్టి, ఒకదాని తర్వాత ఒకటి తొడిగాను. రెండోది పెట్టగానే ఆయన తొడ చరిచాడు: "ఇదీ కంపెనీ శబ్దమంటే! చెయ్యి పడని సొగసు!"

అది మామది. అంగట్లో ఉన్నవాళ్లంతా నవ్వారు. మామ కూడా లేచి చప్పట్లు కొట్టబోయి, సగంలో ఆగిపోయాడు.

"అంటే..." అన్నాడు బస్సులో, చాలాసేపటికి. "మూడేళ్లు చాకిరీ చేసి, మళ్లీ మొదటికే తెచ్చినానా?"

ఊరు వచ్చేదాకా ఇంకో మాట లేదు. నాకు జాలేసింది. ఎందుకంటే మామ దగ్గర పుట్టపర్తి నారాయణాచార్యుల గొంతుతో ఒక పాత టేపుంది. శివతాండవం ఆయన మా ప్రొద్దుటూరులోనే రాశారు. మామ ప్రతి మార్పునీ ఆ టేపుతోనే పరీక్షిస్తాడు. నాలుగు చరణాలు వినగానే "శకారం గుచ్చుకుంటాంది" అని ఆపి డిప్ప విప్పుతాడు. మూడేళ్లుగా ఐదో చరణం వినలేదు.

మొన్న దసరాకు ముందు నన్ను ఒక బట్టల అంగడికి రమ్మన్నాడు. కొత్త చొక్కా అనుకున్నాను. లోపల నేల నుంచి పైకప్పు దాకా తానులే. మాట్లాడితే మాట బయటికి పోకుండా అక్కడే కూలబడుతుంది. మామ నా తలకు హెడ్‌ఫోన్ తొడిగి, టేపు పెట్టి, ఉగాది పచ్చడి రుచి చూపించిన అత్తలాగా నా మొహంలోకి చూస్తున్నాడు. నేను నాలుగు చరణాలూ దాటాను, ఐదోది దాటాను, కళ్లు మూసుకున్నాను. ఎవరూ ఆపలేదు. చివరిదాకా విని కళ్లు తెరిచేసరికి మామ అక్కడ లేడు. గల్లా పెట్టె దగ్గర అంగడాయన చెయ్యి పట్టుకుని బతిమాలుతున్నాడు.

"ఆ ఎడమ గోడ తానులు మాత్రం పండగ అయ్యేదాకా అమ్మొద్దప్పా. కావాలంటే అడ్వాన్సు ఇస్తా."