ఎలా పలకాలి?

చుండూరు కుర్రాడొకడు ఉద్యోగం వచ్చి నార్వే వెళ్ళాడు. అతను దిగిన ఊరు డ్రామ్మెన్. ఓస్లోకి నలభై కిలోమీటర్ల దూరం ఉంటుంది. ఊరి మధ్యగా నది పారుతుంది. ఆ నది ఒడ్డునే నార్వేలోకెల్లా పాతదైన బీరు కర్మాగారం ఉంది. 1834లో మొదలైంది. 1860లో పౌల్ లౌరిట్స్ అనే ఆయన చేతికి వచ్చింది. అప్పట్నుంచీ ఆయన ఇంటిపేరే దాని పేరు.

చిక్కంతా ఆ ఇంటిపేరు రాతలో ఉంది. ముందు రెండు ‘ఏ’లు, వెనక రెండు ‘ఎస్’లు. నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చినవాడెవడైనా దాన్ని చూస్తే ముందు ‘ఆస్’ అని చదువుతాడు, ఆ వెంటనే నవ్వుతాడు. ఎందుకు నవ్వుతాడో చెప్పనక్కర్లేదు. మనవాడూ అదే చేశాడు. చేరిన కొత్తలోనే ఆ పేరున్న బోర్డు ఫోటో తీసి తెనాలి స్నేహితుల గ్రూపులో పెట్టాడు. అక్కడ అందరూ పడీపడీ నవ్వారట.

ఆఫీసులో అతని పక్క సీటు పెద్దాయనది. డ్రామ్మెన్‌లోనే పుట్టి పెరిగాడు. ఒక శుక్రవారం సాయంత్రం ఆఫీసువాళ్ళంతా కలిసి కూర్చున్నప్పుడు మనవాడు నవ్వుతూ ‘ఆస్’ అన్నాడు. పెద్దాయన కోప్పడలేదు. బల్ల మీది ఆ బీరు సీసాను తనవైపు తిప్పుకుని, పేరు మీద వేలు పెట్టి, "ఓస్" అన్నాడు. మనం ‘ఓస్, ఇంతేనా!’ అంటామే, సరిగ్గా ఆ ఓస్.

వాళ్ళ భాషలో ఓకారానికి దగ్గరగా ఉండే ఆ అచ్చును పూర్వం రెండు ‘ఏ’లు పక్కపక్కన వేసి రాసేవారు. 1917 సంస్కరణలో దానికి వేరే అక్షరం వచ్చింది. ‘ఏ’ నెత్తిన చిన్న సున్న ఉంటుంది. మామూలు మాటలు కొత్త రాతలోకి మారాయి. ఇంటిపేర్లు మాత్రం చాలా చోట్ల పాత రాతలోనే ఉండిపోయాయి. "రాత పాతబడింది కానీ పలుకు అలాగే ఉంది. మా నోట్లో ఉన్నదే మా పేరు" అన్నాడట ఆయన. నాకు ఆ మాట ఎంతో నచ్చింది.

ఆయన ఆ పేరు నేర్పి ఊరుకోలేదు. "మీ ఊరి పేరేమిటి?" అని అడిగాడు. మనవాడు పాస్‌పోర్టులో ఉన్నట్టే కాగితం మీద రాసిచ్చాడు. టి, ఎస్, యు, ఎన్, డి, యు, ఆర్. ఆయన ‘టిసుందుర్’ అన్నాడు. మళ్ళీ చూసి ‘సుందుర్’ అన్నాడు. ఈసారి మనవాడికి నవ్వు రాలేదు. ఆ రాత్రే నాకు ఫోన్ చేశాడు.

"మాస్టారూ, ‘చ’ అంటే సి, హెచ్ కదండీ! మన ఊరికి ముందు ఆ ‘టి’ ఎందుకొచ్చింది?"

తెలుగు చెప్పుకుని బతికినవాణ్ణి. ఇంతకంటే ఇష్టమైన ప్రశ్న నాకుండదు. మనకు ‘చ’ రాతలో ఒకటే, నోట్లో రెండు. చిలక, చెరువు అన్నప్పుడు నాలుక వెడల్పుగా అంగిలికి తగులుతుంది. చలి, చాప, చుట్టం, చోటు అన్నప్పుడు నాలుక కొన పైపళ్ళ వెనక ఆని జారుతుంది. ఈ రెండోదాన్ని దంత్య చకారం అంటాం. దీనికి నెత్తిన రెండంకెలాంటి గుర్తుతో ‘ౘ’ అనే అక్షరం కూడా ఉంది. 2008లో యూనికోడ్‌లోనూ చోటు దొరికింది. బడిలో ఎవరూ నేర్పకపోయినా పల్లెలో ఏ పసివాడూ చలిని చిలకలోని ‘చ’తో పలకడు. బ్రౌన్ దొర తన నిఘంటువులో చాప, చదువు లాంటి మాటల పలుకు చూపడానికి టి, ఎస్ కలిపి వాడాడు. చుండూరుదీ ఆ దంత్యమే. ఆ రోజుల్లో ఇంగ్లీషువాళ్ళు చెవికి వినబడినట్టు రాసుకున్న రాతే ఇవాళ్టికీ తెనాలి దాటాక రైలు స్టేషను బోర్డు మీద నిలిచి ఉంది. మసూలిపటం, రాజమండ్రి అని మన పేర్లను ఎడాపెడా విరిచినవాళ్ళు ఈ ఊరి విషయంలో మాత్రం మన పలుకును జాగ్రత్తగానే పట్టుకున్నారు.

పేరు కాగితం మీద ఎలాగైనా ఉండనీయండి, దాన్ని ఆ పేరుగలవాడు పలికినట్టు పలకడం మర్యాదలో మొదటి మెట్టు. విదేశాలకు వెళ్ళిన మన పిల్లలు తమ పేర్లు ఎదుటివాడి నోటికి తగ్గట్టు తామే కత్తిరించుకుంటుంటే నాకు కష్టంగా ఉంటుంది. అందుకే అతనితో గట్టిగా చెప్పాను. "ఆయన అడిగాడంటే గొప్పవాడయ్యా! ఓపిగ్గా నేర్పు. ‘ఏదో ఒకటిలెండి’ అనకు."

నేర్పాడు. భోజనాల వేళ ఇద్దరికీ అదే పని. పిజ్జాను అక్కడివాళ్ళు ‘పిత్స’ అంటారు. ఆ ‘త్స’ను పట్టుకుని, ముందున్న ‘పి’ని తీసేసి, వెనక ‘ఉ’ చేర్చి, సున్నతో కలిపి, మెల్లగా లాక్కొచ్చాడట. కొన్నాళ్ళకు పెద్దాయన నోట ‘చుండూరు’ వచ్చింది. మనవాడు రికార్డు చేసి పంపాడు. విన్నాను. దంత్యం పలికింది, డకారం పలికింది, దీర్ఘం దగ్గర కూడా ఆగాల్సినంతసేపు ఆగాడు. మనవాడి ఆనందానికి అంతు లేదు.

పెద్దాయన అంతటితో ఆగలేదు. ఊరివాళ్ళు ఎవరైనా ఆ పేరు పలుకుతుంటే విందామని ఇంట్లో కూర్చుని నెట్‌లో వెతికాడు. మర్నాడు ఒక కాగితం తెచ్చి మనవాడి బల్ల మీద పెట్టాడు. తన చేతిరాతతో, వరసగా, ఎనిమిది పేర్లు.

"మీ ఊరు అని వెతికితే మొదట వచ్చింది ఇదే. రాత్రంతా చదివాను. ఈ పేర్లు తప్పుగా పలకడం నాకిష్టం లేదు. ఒక్కొక్కటీ ఎలా పలకాలో చెప్తావా?"

అవి ఎవరి పేర్లో మన వైపువాళ్ళకు చెప్పనక్కర్లేదు. 1991 ఆగస్టు 6న చుండూరులో ఎనిమిదిమంది దళితులను పొలాల వెంట తరిమి చంపారు. శవాలను గోతాల్లో కుక్కి తుంగభద్ర డ్రెయిన్‌లో పడేశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కింద ఆ కేసు విచారించడానికి ఊళ్ళోనే ప్రత్యేక కోర్టు పెట్టారు. 2007లో ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది జైలు వేసింది. 2014లో హైకోర్టు అందరినీ నిర్దోషులంది. చనిపోయినవాళ్ళను ఊళ్ళోనే పాతిపెట్టారు. ఆ చోటును రక్తక్షేత్రం అంటారు. మొదటి తీర్పు వచ్చిన నాటికి మనవాడు చుండూరులో బడికి వెళ్తున్నాడు.

కాగితం తీసుకుని పైనుంచి కిందికి ఒక్కో పేరూ పలికాడు. దీర్ఘాలు, ఒత్తులు ఎక్కడా తప్పలేదు. పెద్దాయన ఒక్కొక్కటీ అతని వెంట పలికాడు. చివరి పేరు అయ్యాక, "వీళ్ళ కుటుంబాలు నీకు తెలుసా?" అని అడిగాడు.

తెలియదన్నాడు. చుండూరులో పుట్టి పెరిగిన మనవాడు ఆ పేర్లు చదవడం అదే మొదటిసారి.