డబ్బా పద్యానికి టీకా తాత్పర్యం

అవతారిక

1999లో అమెరికా అంగళ్లలోకి టివో, రీప్లే టీవీ అనే రెండు పెట్టెలు దిగాయి. టేపు అక్కర్లేకుండా హార్డ్ డిస్కు మీద కార్యక్రమాలు రికార్డు చేయడం, నడుస్తున్న ఆటను ఆపి కాఫీ తాగొచ్చి ఆపిన చోటి నుంచే చూడడం వీటితో మొదలైంది. ఈ విద్యను ఉపగ్రహ ప్రసార సంస్థలు తమ డబ్బాల్లో ఇమిడ్చాయి. అదే విద్యను కంప్యూటరులో కార్డులు గుచ్చి సాధిస్తామని మరికొందరు బయలుదేరారు. ఏది మేలన్న వాదం అక్కడ పదేళ్లకు పైగా తెగలేదు. మూలం లేనిదే టీక ఉండదు కనుక వ్యాఖ్యాత తానే ఒక ఆటవెలది కట్టి, తానే విప్పుతున్నాడు.

మూలం

అద్దె డబ్బ తెచ్చి యందించు నాటల
నింట గట్టినదియె యింట మిగులు
తాళ మొకరి చేత, దాచిన దొకరిది
మీట నొక్కువాడె మేటి యగునె

ప్రతిపదార్థం

అద్దె డబ్బ = నెలనెలా రుసుము పుచ్చుకొనే ఉపగ్రహ సంస్థవారి రికార్డింగు పెట్టె; ఆటలన్ = ఫుట్‌బాల్ మొదలైనవాటిని; తెచ్చి = ఆకాశం నుంచి దించి; అందించున్ = సోఫా దాకా చేర్చును; ఇంటన్ కట్టినదియె = గృహస్థు స్క్రూడ్రైవరుతో కూర్చుకున్నది మాత్రమే; ఇంటన్ మిగులున్ = చందా మానినా చోటు కదలదు; తాళము = చిక్కుపరచిన ప్రసారాన్ని విప్పే అధికారం; ఒకరి చేతన్ = సంస్థ చేతిలో; దాచినది = డిస్కు మీద ఉన్నది; ఒకరిది = చూసేవాడిది (అని అతని నమ్మకం); మీట నొక్కువాడె = రిమోటు పట్టినంత మాత్రాన; మేటి అగునె = యజమాని కాగలడా?

మొదటి పాదం

‘తెచ్చి యందించు’ అనడంలో అతిశయోక్తి లేదు. ఉపగ్రహ ప్రసారం డిజిటల్ రూపంలో, ముందే కుదించబడి దిగుతుంది. సంస్థ డబ్బా దాన్ని మళ్లీ కుదించదు. వచ్చిన ధారను వచ్చినట్టే డిస్కుకు ఎక్కిస్తుంది కాబట్టి రికార్డు చేసిన బొమ్మ ప్రత్యక్ష ప్రసారానికి ఏమాత్రం తీసిపోదు. ఉపగ్రహ సంస్థ డైరెక్ టీవీ 2000లో టివోతో కలిసి తెచ్చిన పెట్టెలో రెండు ట్యూనర్లుండేవి. రెండు చానెళ్లు ఒకేసారి రికార్డవుతుంటే, నిన్నటి మూడో కార్యక్రమాన్ని తీరిగ్గా చూడవచ్చు.

‘అద్దె’ అన్నది కూడా అక్షరసత్యమే. డైరెక్ టీవీ 2006 మార్చి నుంచి డబ్బాలను అమ్మడం తగ్గించి లీజుకు ఇవ్వసాగింది. చందా మానితే డబ్బా తిరిగి వెళ్లాలి, రికార్డింగులతో సహా.

రెండో పాదం

ఇంట కట్టినవాటిలో ప్రసిద్ధమైనది మిత్ టీవీ. ఐజాక్ రిచర్డ్స్ 2002లో మొదలుపెట్టిన ఈ ఉచిత సాఫ్ట్‌వేర్ లినక్స్ మీద నడుస్తుంది. హాపాగ్ సంస్థవారి పీవీఆర్-250 కార్డు దీనికి చాలాకాలం నమ్మిన బంటు. బొమ్మను కుదించే పని కార్డే చూసుకొనేది కనుక పాత కంప్యూటరైనా సరిపోయేది.

అయితే అమెరికా ఉపగ్రహ చానెళ్లను ఈ కార్డు నేరుగా పట్టలేదు. అందుకని గృహస్థు సంస్థ డబ్బానే తెచ్చి పక్కన పెట్టుకుంటాడు. అది విప్పి ఇచ్చిన అనలాగ్ బొమ్మను కార్డు మళ్లీ డిజిటల్‌గా మారుస్తుంది. ఈ మార్పిడిలో బొమ్మ కొంత మసకబారుతుంది. చానెల్ మార్చడానికి డబ్బా ముందు ఒక ఇన్‌ఫ్రారెడ్ దీపం అంటించాలి. కంప్యూటరు దాని చేత రిమోటు వేషం వేయిస్తుంది. డైరెక్ టీవీలో ఈఎస్‌పీఎన్ 206వది. దీపం మిణుకులో సున్నా జారిందా, 26వ చానెలుకు గురి కుదురుతుంది. ఆదివారం రాత్రి ఆటను రికార్డుకు పెట్టినవాడికి సోమవారం ఉదయం గానీ సంగతి తెలియదు.

ఇంటి డబ్బాకు పంచాంగం కూడా కావాలి, ఏ గడియలో ఏ చానెల్లో ఏముందో తెలియాలి కనుక. జాప్2ఇట్ ల్యాబ్స్ ఆ పట్టికను ఉచితంగా ఇచ్చేది. 2007 సెప్టెంబరు 1న అది ఆగిపోయింది. వాడుకదారులు షెడ్యూల్స్ డైరెక్ట్ అనే లాభాపేక్ష లేని సంస్థను పెట్టుకొని, తలా కొంత చందా వేసుకొని పంచాంగం తెప్పించుకున్నారు.

శంక: సంస్థ డబ్బా లేనిదే నడవని ఇంటి డబ్బా దేనికి?

సమాధానం: ఒకసారి డిస్కులో పడ్డాక అది మామూలు ఫైలు. డీవీడీకి ఎక్కించవచ్చు, పడకగది టీవీకి పంపవచ్చు, డిస్కు నిండితే ఇంకొకటి తగిలించవచ్చు. నల్ల తెరలను, చానెల్ ముద్ర మాయమయ్యే చోట్లను పసిగట్టి ప్రకటనలను గుర్తించే నేర్పు మిత్ టీవీకి ఉంది. అదే పని చేసే పెట్టెలను 2001లో అమ్మిన రీప్లే టీవీ మీద ప్రసార సంస్థలు దావా వేశాయి; దాని యజమాని సోనిక్‌బ్లూ 2003లో దివాలా తీసింది.

మూడో పాదం

ఇక్కడ రెండు శాస్త్రాలు ఢీకొంటాయి. 1984లో బీటామాక్స్ వీడియో రికార్డరు కేసులో అమెరికా సుప్రీంకోర్టు 5–4 తేడాతో, తర్వాత చూసుకోవడానికి ఇంట్లో రికార్డు చేసుకోవడం న్యాయమేనంది. 1998 నాటి డీఎంసీఏ చట్టం తాళాన్ని పగలగొట్టడం నేరమంది. దాచుకొనే హక్కు ఉంది, తలుపు తెరిచే హక్కు లేదు. సంస్థ డబ్బాలోని డిస్కును ఊడదీసి కంప్యూటరుకు తగిలిస్తే అందులోని ఆట ఆడకపోవడం ఇందువల్లే.

పాఠాంతరం

జర్మనీలో మూడో పాదం వర్తించదు. అక్కడ ఏఆర్‌డీ, జెడ్‌డీఎఫ్ వంటి చానెళ్లు ఆస్ట్రా ఉపగ్రహం నుంచి తాళం లేకుండానే దిగుతాయి. క్లౌస్ ష్మిడింగర్ రాసిన వీడీఆర్ అనే సాఫ్ట్‌వేరూ ఉపగ్రహ ప్రసారాన్ని పట్టే ఒక డీవీబీ కార్డూ ఉంటే కంప్యూటరు ఆ ధారను నేరుగా, చుక్క పోకుండా పట్టేస్తుంది. అమెరికాలోనే యాంటెన్నాకు దొరికే హెచ్‌డీ ప్రసారాలదీ ఇదే తీరు: సెకనుకు 19.39 మెగాబిట్ల దాకా, అంటే గంటకు దాదాపు 8.7 గిగాబైట్ల వరకు, అసలు రూపంలోనే డిస్కుకు చేరతాయి. వీటికీ ‘బ్రాడ్‌కాస్ట్ ఫ్లాగ్’ అనే ముద్ర వేయాలని చూసిన నిబంధనను 2005లో అప్పీలు కోర్టు కొట్టేసింది. మన దేశంలో 2008లో వచ్చిన టాటా స్కై ప్లస్ మొదటి పాఠానికి ఉదాహరణ. 2004లో తాళం లేకుండా మొదలైన డీడీ డైరెక్ట్ ప్లస్ ఈ పాఠాంతరానికి.

నాలుగో పాదం

డబ్బు పెట్టి కొన్నవాడైనా మేటి కావాలనేం లేదు. టివో లోపలా లినక్సే ఉంది. దాని సోర్సు కోడును సంస్థ బయటపెట్టింది కూడా. ఎవరైనా దాన్ని మార్చి ఎక్కిస్తే మాత్రం పెట్టె నడవనంటుంది. 2007 జూన్‌లో వచ్చిన, ఉచిత సాఫ్ట్‌వేర్ లైసెన్సు జీపీఎల్ మూడో రూపం ఈ కిటుకుకు అడ్డుకట్ట వేయబోయింది.

తాత్పర్యం

రెండు డబ్బాల మధ్య తేడా పనితనంలో లేదు, తాళం ఎవరి దగ్గరుందన్న దాంట్లో ఉంది. తాళం ఉన్న చోట అద్దె డబ్బా నిండు బొమ్మనిస్తుంది, ఇంటి డబ్బా ఎంగిలి బొమ్మతో సరిపెట్టుకుంటుంది. తాళం లేని చోట రెండూ సమానం. పైగా ఇంటి డబ్బాకు నెల రుసుము లేదు, ఫైళ్ల మీద ఆంక్షా లేదు.

ఫలశ్రుతి

ఉపగ్రహ హెచ్‌డీ, రెండు ట్యూనర్లు, చెప్పిన వేళకు రికార్డింగు కోరేవారు అద్దె డబ్బా పుచ్చుకొందురు గాక. యాంటెన్నాతో తృప్తిపడేవారు, లినక్స్ కమాండ్లకు జంకనివారు ఇంట కట్టుకొందురు గాక. రెండూ కావాలనేవారికి 2008లో హాపాగ్ హెచ్‌డీ పీవీఆర్ అనే పెట్టె దొరికింది. సంస్థ డబ్బా వెనక ఉండే కాంపొనెంట్ తీగల నుంచి హెచ్‌డీ బొమ్మను అది చట్టబద్ధంగానే పట్టుకునేది. చానెల్ మార్చే దీపాన్ని మాత్రం చాలా ఇళ్లలో అప్పటికీ అంటించుకోవలసే వచ్చింది.